గుండ్రం కాని కిటికీ

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచీ నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. కొండ మీది పాత చాపెల్ కిటికీకి నేను చేసిన రంగుల అద్దం నా వీపు మీదే ఉంది. చుట్టూ దుప్పటి, దాని మీద చెక్క చట్రం, భుజాలకు రెండు పట్టీలు. కొండకు బండి దారి లేదు. రాతి మెట్లు, మధ్యమధ్యలో జారుడు గులకరాళ్ల బాట. మర్నాడు పొద్దున చాపెల్‌లో పూజ. పైకప్పు బాగుచేశాక జరిగే మొదటి పూజ అది. ఆలోగా అద్దం కూర్చోవాలి.

మా ఇంట్లో అద్దాల పని మామయ్యది. మా ఆయన బస్సు నడుపుతారు. అద్దం ముందు నిలబడి తల దువ్వుకోవడం తప్ప అద్దం సంగతి ఆయనకు ఏమీ తెలియదు. అందుకని ఆ విద్య కోడలికి వచ్చింది. అద్దం కోస్తాను, ముక్కలను కలిపే సీసం పట్టీలు వంచుతాను, రంగు వేసి కొలిమిలో కాలుస్తాను. బిగించే చోట మాత్రం మామయ్య ముందు, నేను వెనక. ఎటు ఎత్తాలో, ఎప్పుడు వదలాలో అంతా ఆయన హుకుం.

ఈ కిటికీ ఒప్పుకున్న రోజున మాత్రం ఆయన టీ తాగుతూ తాగుతూ కప్పు కింద పెట్టారు.

"ఇది నువ్వే బిగించమ్మాయ్. చక్కగా కూర్చుందా, ఇక కొట్టు నీది, నేను నోరెత్తను. కూర్చోలేదా, నేనున్నంత కాలం ఇలాగే."

మామయ్య నోరెత్తకపోవడం అంటే ఎంత వరమో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. వెంటనే ఒప్పుకున్నాను.

బాట పక్కన క్రీస్తు సిలువ మోసిన ఘట్టాలు చెక్కిన సిలువ మార్గం రాళ్లు ఒకటొకటిగా వస్తున్నాయి. ప్రతి రాయి దగ్గరా మామయ్య ఆగుతున్నారు, భక్తి అని పేరు పెట్టి ఆయాసం తీర్చుకుంటున్నారు. ఎక్కేకొద్దీ ఊరు చిన్నదైపోయింది. మలుపు తిరిగేసరికి కింద నది, నది చివర సముద్రం, దాని మీద ఎండ. అంత నీళ్లు ఒక్కసారిగా కనబడితే ఎవరికైనా కేక వేయాలనిపిస్తుంది. వేశాను కూడా.

"అదిగో, వంతెన మీద మీ ఆయన బస్సు," అన్నారు మామయ్య.

"అది మీ అబ్బాయిది కాదులెండి. చక్కగా పక్కన ఆగి దారి ఇస్తోంది."

ఆయన నవ్వుతుండగానే గాలి కొట్టింది. వీపు మీద చట్రం తెరచాపలా ఉబ్బి నన్ను అంచు వైపు ఈడ్చింది. మామయ్య రెండు చేతులా పట్టీ పట్టుకుని మెట్టు మీద కూలబడ్డారు. ఆయన మీద నేను పడ్డాను. అద్దం ఎవరి మీదా పడలేదు. అది తెలిశాక ఇద్దరికీ పిచ్చి నవ్వు పట్టుకుంది.

చాపెల్ చిన్నది, మా కొట్టుకు రెండింతలుంటుందేమో. ఎప్పుడో తుపానులోంచి ప్రాణాలతో బయటపడ్డ ఓడవాళ్లు రాళ్లు మోసుకొచ్చి మరియమాతకు కట్టిన గుడి. ఓడలు తెలిసినవాళ్లే గానీ గోడలు తెలిసినవాళ్లు కారు. పక్క గోడకు గుండ్రటి కిటికీ పెడదామనుకున్నారు, అది ఒక వైపు కోడిగుడ్డులా ఉబ్బిపోయింది. ఆ ఉబ్బును లోపలి నుంచి కాగితం ఆనించి నేనే గీసుకొచ్చాను. అద్దంలో నేను వేసింది పడవ, ఒడ్డుకు చేరుతున్న పడవ. దాని ముక్కు బలిపీఠం వైపు ఉండాలని ఫాదర్ గారు మరీ మరీ చెప్పారు.

ఫాదర్ గారు తలుపు దగ్గరే ఎదురుచూస్తున్నారు. "వచ్చారా, రండి రండి," అంటూ నిచ్చెన ఆయనే లాక్కొచ్చారు. నేను ఎక్కాను. మామయ్య కింద నుంచి అందించారు. అద్దాన్ని రాతి గాడిలోకి తోశాను. ఎడమ పక్క ఠక్కున ఆగింది.

మళ్లీ తోశాను. మళ్లీ అక్కడే ఆగింది. కుడి పక్క చూస్తే వేలు పట్టేంత సందు.

రెండు అంచులూ తడిమి చూశాను. రాతికి ఉబ్బు కుడి వైపు, అద్దానికి ఎడమ వైపు. ఆకారం మొత్తం తిరగబడింది. నేను గీసిన గీత ఎలా తిరగబడుతుంది?

కింద మామయ్య తన అరచేతిని చూసుకుంటున్నారు. దాన్ని మెల్లగా బోర్లించారు, మళ్లీ వెల్లకిలా తిప్పారు. అప్పుడు నాకూ వెలిగింది. పెన్సిల్ గీత అద్దం కింద కనబడదని ఆయన దాన్ని సిరాతో దిద్దుతారు. అసలు గీత చెడకూడదని కాగితాన్ని వెలుతురుకు పెట్టి వెనక పక్క దిద్దుతారు. ఇన్నేళ్లూ అన్నీ చదరాలు, సరైన గుండ్రాలు. ఏ పక్క దిద్దినా ఒకటే. కోడిగుడ్డు కిటికీ మాకు ఇదే మొదటిది. ఆ సిరా గీత మీదే నేను అద్దం కోశాను; పడవను మాత్రం తర్వాత నేరుగా అద్దం మీదే వేశాను కాబట్టి దాని ముక్కు తప్పలేదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. నోటిదాకా వచ్చిన మాటను ఫాదర్ గారి మొహం చూసి మింగాను. మింగితే ఓడిపోయినదాన్ని నేనే అవుతాను, అదీ తెలుసు.

"తప్పు నాది ఫాదర్," అన్నారు మామయ్య. "పిల్ల సరిగ్గానే గీసింది. నేను తిరగేసి దిద్దాను." వెంటనే నా వైపు తిరిగి, "దాందేముంది, అద్దం తిప్పి పెట్టేయ్. ఎవరికి తెలుస్తుంది?"

"తిప్పితే రంగు వేసిన ముఖం వానలోకి పోతుంది మామయ్యా. పడవ కూడా తలుపు వైపు తిరుగుతుంది. ఒడ్డుకు చేరినవాళ్లు కట్టిన గుడిలో పడవను మళ్లీ సముద్రంలోకి తోలమంటారా?"

"మరేం చేస్తావ్?"

"ఉబ్బు కొరికేస్తాను."

"పగులుతుంది."

"పగిలితే పగలనివ్వండి. తిప్పి మాత్రం పెట్టను."

అద్దాన్ని నేల మీద దుప్పటిపై పరిచాం. అంచు చుట్టూ ఉన్న సీసం పట్టీని ఉబ్బు మేర విప్పాను. అక్కడ ఉన్నది బొమ్మ లేని నీలం గాజు. పట్టకారుతో గోరంత గోరంతగా కొరకడం మొదలుపెట్టాను. ప్రతి చిటుక్కుకీ ఫాదర్ గారు సిలువ గుర్తు వేసుకుంటున్నారు. ఒకచోట సన్నటి గీత పాకి, పడవ అంచు దగ్గర ఆగిపోయింది. మామయ్య కళ్లు మూసుకున్నారు. నేను ఆగలేదు. భయం ఎప్పుడు పోయిందో తెలియదు, చేతుల్లో ఏదో హుషారు. ఆ పగులుకు బయటి పక్కనున్న ముక్కను తీసేసి, మిగిలిన అంచు నునుపు చేసి, సీసం మళ్లీ మడిచాను.

ఈసారి మామయ్య నిచ్చెన పట్టుకున్నారు, ఫాదర్ గారు అద్దం అందించారు. తోశాను. గాడిలోకి మెత్తగా జారి కూర్చుంది. బయట ఎండ, నేల మీద నీలం, ఎరుపు. పడవ పీఠం వైపు వస్తోంది. నిచ్చెన మీద గంతులేస్తే పడతాను కాబట్టి ఊరుకున్నాను గానీ, ఆ క్షణంలో ఎగరమంటే కొండ దాటి ఎగిరేదాన్ని.

"కుడి పక్క ఇంత సందుందే, గట్టిగా నిలుస్తుందంటారా?" అని ఫాదర్ గారు మామయ్యను అడిగారు.

"నన్నడిగితే ఎలా ఫాదర్? మేస్త్రి నిచ్చెన మీదుంది. ఆవిడనడగండి."

ఆవిడట. ఏడుపు తన్నుకొచ్చింది. కిటికీ వైపు తిరిగి, పనేదో ఉన్నట్టు అంచు తడిమాను.

"సున్నం నింపితే నిలుస్తుంది ఫాదర్," అన్నాను. "మామయ్యా, సున్నం కలపండి. పలచన చేయకండి."

పలచన చేయకూడదని ఆయనకు నేను చెప్పాలా? ఆ పని నాకు నేర్పిందే ఆయన. అయినా మామయ్య నోరెత్తలేదు. తట్ట ముందు కూర్చుని, నేను చెప్పినట్టే చిక్కగా కలిపారు.