కొసరు లేని నక్షత్రం

నేను ఒక ఇత్తడి కంపాసును. పుట్టుకతోనే పొత్తు వ్యాపారం లాంటిదాన్ని. నా ఎడమ కాలు ఒకప్పుడు నీళ్ళ చెంబు, కుడి కాలు ఒక బేగం గారి పాన్‌దాను మూత. బందరులో ఒక కంచరి ఆ రెండింటినీ విడివిడిగా కరిగించి, పోతపోసి, ఒక కాలికి ఉక్కు ముల్లు బిగించాడు, రెండో కాలికి పెన్సిలు దూరే గొట్టం అతికించాడు. అందుకే నాలో సగానికి ఎప్పుడూ దాహం, మిగతా సగానికి ఎప్పుడూ కబుర్లు కావాలి. ముల్లు ఉన్న కాలు కదలదు, పెన్సిలు ఉన్న కాలు ఊరంతా తిరిగి వస్తుంది. చాలా కాపురాలూ ఇలాగే నడవడం చూశాను కాబట్టి నా బతుకు మీద నాకు పెద్దగా ఫిర్యాదులు లేవు.

ఎవరి చేతిలో ఉన్నప్పుడు ఏమి లాభం, ఏమి నష్టం అని చూసుకోవడం నాకు అలవాటు. మొదట మసీదు కిటికీలకు నక్షత్రాల చెక్క జాలీలు చేసే హుసేన్ సాహెబ్ చేతిలో ఉన్నాను. లాభం, వేల నక్షత్రాలు. నష్టం, ఆలోచన తెగనప్పుడల్లా ఆయన నా తల కొరికేవాడు. ఆయన తరవాత మనవరాలు జైతూన్ బీ చేతికి వచ్చాను. ఆవిడ బడిలో డ్రాయింగు టీచరుగా ముప్పై రెండేళ్ళు చేసింది. అక్కడ పిల్లలు నాతో బెల్టులకు కన్నాలు పొడిచారు, చింతగింజలు పగలగొట్టారు, ముందు బెంచీ వాళ్ళను గుచ్చారు. గుండ్రం గీయడం అనే పని తప్ప అన్నీ చేయించారు. ఆ ముప్పై రెండేళ్ళను నేను నష్టం కిందే రాసుకున్నాను.

అసలు లాభం ఆవిడ రిటైరయ్యాక, ఒక మీసం వల్ల వచ్చింది.

ఆ మీసం గ్రంధి రత్నాజీది. బందరు బజారులో ఆయనది ముక్కల గుడ్డల కొట్టు. లైనింగు, జాకెట్టు ముక్కలు, దిండు గలీబుల బట్ట అమ్ముతాడు. కొట్టుకు బోర్డు ఉంది కానీ ఎవరూ చదవరు. "మీసాలాయన కొట్టు" అంటే రిక్షా నేరుగా వచ్చి ఆగుతుంది. రెండు కొసలూ పైకి తిరిగి, వారానికోసారి రంగు పూసుకుని, సిరాలో ముంచి తీసినట్టు నిగనిగలాడే మీసం. ముప్పై అయిదేళ్ళుగా దానికి కత్తెర తగిలిందే తప్ప కత్తి తగలలేదు.

ఒకరోజు జైతూన్ బీ ఆ కొట్టుకు వెళ్ళింది. నేను ఆవిడ చేతిసంచీలో ఉన్నాను. రత్నాజీ ఒక దుప్పటి గుడ్డ పరిచాడు. దాని నిండా నక్షత్రాలు అచ్చువేసి ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి, "దీనికి పదకొండు మొనలే ఉన్నాయి. పన్నెండోది ఎవరు తినేశారు?" అంది.

రత్నాజీ నవ్వేశాడు. "ఎన్నుంటే ఏముందండీ టీచరు గారూ? చుక్కలు పెట్టి గీతలు కలపడమేగా! మా శేషమాంబ రోజూ పొద్దున్నే వాకిట్లో అయిదు నిమిషాల్లో వేసి పడేస్తది."

"మీ ఆవిడ వేస్తది నాయనా. నువ్వేస్తావా?"

ఎదురు కొట్టులోంచి పేర్రాజు ఈ మాట పట్టుకున్నాడు. ఆయనదీ గుడ్డల కొట్టే. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద తన్నులు తిన్నవాళ్ళు. "వాడా? వాడు నామం పెట్టుకుంటేనే వంకరొస్తది, నక్షత్రం వేస్తాడా!" అని వీధి దాటి మరీ వచ్చాడు.

"మండలం రోజులు చాలు. వేసి చూపిస్తా," అన్నాడు రత్నాజీ.

"వెయ్యకపోతే?"

రత్నాజీ చెయ్యి అలవాటు చొప్పున మీసం మీదికి వెళ్ళింది. పేర్రాజు కళ్ళు కూడా అక్కడికే వెళ్ళాయి. "అదే! ఆ మీసం తీసెయ్యాలి!" అని అరిచాడు. జనం అప్పటికే నలుగురు పోగయ్యారు. జనం ముందు వెనక్కి తగ్గడం రత్నాజీకి చేతకాదు.

షరతు ఇది. నలభయ్యో రోజున రత్నాజీ అందరి ముందూ, నడిమి నక్షత్రం ఒకటి, చుట్టూ ఆరు, అన్నీ పన్నెండేసి మొనలవి, కంపాసుతోనూ అంకెల్లేని చెక్క బద్దతోనూ గీయాలి. తప్పు లేదని జైతూన్ బీ కింద సంతకం పెట్టాలి. పెడితే ఆ బొమ్మను పేర్రాజు తన గల్లాపెట్టె పైన ఏడాది పాటు తగిలించుకుని, అడిగిన ప్రతివాడికీ రత్నాజీ గీశాడని చెప్పాలి. పెట్టకపోతే మీసం పోతుంది.

మర్నాడు పొద్దున రత్నాజీ జైతూన్ బీ అరుగు ఎక్కాడు. మెడలో టేపు వేలాడుతోంది.

"అది బయట పెట్టి లోపలికి రా," అంది ఆవిడ.

"టేపు లేకపోతే ఎలా కొలవనండీ?"

"కొలవవు. నడుస్తావు."

ఈ విద్యలో అంకెలు ఉండవు. ముందు ఒక గుండ్రం గీస్తారు. నా కాళ్ళు ఎంత ఎడంగా ఉన్నాయో అంతే ఉంచి, ఆ గుండ్రం అంచు మీద నన్ను అడుగులు వేయిస్తారు. సరిగ్గా ఆరో అడుగు బయలుదేరిన చుక్క మీదే పడుతుంది. ఎందుకని నన్ను అడగకండి, నేను నడిచేదాన్నే కాని చదువుకున్నదాన్ని కాను. ఒక్కో ముక్కనూ సగం చేస్తే పన్నెండు చుక్కలు వస్తాయి. ఒక చుక్క నుంచి అయిదో చుక్కకు, అక్కడి నుంచి మళ్ళీ అయిదో చుక్కకు, ఇలా పెన్సిలు ఎత్తకుండా గీసుకుంటూ పోతే అన్ని చుక్కలనూ పలకరించి గీత ఇంటికి తిరిగి వస్తుంది. అదే నక్షత్రం.

రత్నాజీ నన్ను నడిపించాడు. ఆరో అడుగు మొదటి చుక్కను దాటి, బియ్యపు గింజంత అవతల పడింది. ఆయన అటూ ఇటూ చూశాడు. బొటనవేలికి ఉమ్మి రాసుకుని మొదటి చుక్కను తుడిచేసి, ఆరో అడుగు పడిన చోట కొత్త చుక్క పెట్టాడు.

"ఏం చేశావు నాయనా?"

"సర్దానండీ. మొదటి చుక్క కాస్త వెనక్కుంది."

"మొదటి చుక్క వెనక్కి ఎలా ఉంటది? దానికంటే ముందు ఏమీ లేదు గదా!"

రత్నాజీకి అది బేరానికి సంబంధించిన మాట కాదు కాబట్టి చెవికెక్కలేదు. నడిమి నక్షత్రం చూడ్డానికి బాగానే ఉంది. చుట్టూ ఆరింటిని అల్లడం మొదలెట్టాక అసలు రంగు బయటపడింది. నడుమ బియ్యపు గింజంత ఉన్న తేడా మొదటి పక్క నక్షత్రంలో బఠాణీ అయింది, నాలుగోదానికి గారె అయింది. ఆఖరి రెండు నక్షత్రాలూ కోడిపుంజుల్లా ఒకదాని ముక్కు ఒకటి పొడుచుకుంటున్నాయి. ఆయన వాటి మధ్య ఒక పువ్వు వేసి కప్పేశాడు. జైతూన్ బీ కాయితం నిలువునా చింపింది.

పది రోజులు ఇదే వరస. చినిగిన కాయితాలతో ఆవిడ పొయ్యి రాజేసుకుంది. నా మర బిగించి చూసింది, నా తప్పు లేదు. పెన్సిలు మార్చింది, దాని తప్పూ లేదు. పదకొండో రోజు సంచీ పట్టుకుని, నన్ను అందులో వేసుకుని, రత్నాజీ కొట్టుకు వెళ్ళి ఒక మూల కూచుంది.

ఒకావిడ వచ్చి రెండు మీటర్లు అడిగింది. రత్నాజీ బద్ద పెట్టి ఒక మీటరు కొలిచాడు. చివర పట్టిన బొటనవేలిని చిన్నగా ముందుకు జరిపాడు. రెండో మీటరు కొలిచాడు, మళ్ళీ జరిపాడు. కత్తిరించాడు. ఆవిడ సంతోషంగా వెళ్ళిపోయింది.

"ఆ వేలు ఎందుకు జరిపావు?" అంది జైతూన్ బీ.

"ఏ వేలండీ? ఓహ్, అదా! కొసరండీ. మా నాన్న నాటి నుంచీ ఉన్నదే. కొసరు లేని కొట్టుకి ఎవరొస్తారు?"

ఆవిడ నన్ను సంచీలోంచి తీసి ఆయన ముక్కు ముందు ఆడించింది. "నువ్వు దీనిక్కూడా అడుగడుక్కీ కొసరేస్తున్నావు! గుండ్రం ఏమన్నా నీ ఖాతాదారా?"

అప్పుడు తెలిసింది నాకు. నేను కాలు మోపిన ప్రతిసారీ ఆయన బొటనవేలు నన్ను ఆప్యాయంగా ఒక్క పిసరు ముందుకు తోస్తోంది. ఆరు అడుగులు, ఆరు కొసర్లు. నా జీవితంలో కొరికినవాళ్ళున్నారు, గుచ్చినవాళ్ళున్నారు. ఉదారంగా పాడుచేసినవాడు ఈయన ఒక్కడే.

మరి ఆ చెయ్యి మానుకునేదెలా? కొట్టులో కొసరు ఆపి చూశాడు. మొదటి పూటే ఒక ముసలమ్మ గుడ్డను వెలుతురుకి ఎత్తి చూసి, "ఏం నాయనా, ఒంట్లో బాగోలేదా? చెయ్యి ఇంతలా బిగిసిపోయిందేం?" అంది. సాయంత్రానికి ముగ్గురు ఖాతాదార్లు వీధి దాటి పేర్రాజు కొట్లోకి వెళ్ళారు. పేర్రాజు వాళ్ళకు కుర్చీలు వేసి, రత్నాజీకి కనపడేలా వేలు జరిపి జరిపి కొలిచాడు.

రత్నాజీ రెండు రోజులు మీసం నములుతూ ఆలోచించాడు. మీసం దక్కాలంటే కొసరు పోవాలి, కొసరు పోతే కొట్టు పోతుంది. మూడో రోజు పొద్దున వచ్చిన మొదటి బేరానికి, కొలవకముందే జానెడు గుడ్డ విప్పి పక్కకు వేశాడు. "ఇదమ్మా నీ కొసరు. ముందే ఇచ్చేశా. ఇక కొలతలో నన్నడక్కు," అన్నాడు. అక్కడి నుంచి బద్ద పెట్టి, వేలు కదపకుండా, ఖచ్చితంగా కొలిచాడు. ఆవిడ ఆ జానెడు ముక్క చూసి మురిసిపోయింది. నేను అరవై ఏళ్ళలో చూసిన తెలివైన పనుల్లో అదొకటి. ఇవ్వాల్సిన దయ ముందే ఇచ్చేస్తే, తరవాత చెయ్యి నిజం చెప్పగలుగుతుంది.

మా అడుగులు కూడా అక్కడి నుంచి మారాయి. గీయడం మొదలుపెట్టే ముందు రత్నాజీ గాలిలో ఒక్కసారి వేలు జరిపి, "కొసరు అయింది," అనుకుని, అప్పుడు నన్ను పట్టుకునేవాడు. ముప్పై మూడో రోజున ఆరో అడుగు మొదటి చుక్క మీద సూదిలా దిగింది. ఆయన కేక విని పక్కింటి మేకలు తాళ్ళు తెంపుకున్నాయి.

నలభయ్యో రోజున పేర్రాజు మంగలి సింహాచలాన్ని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. అరుగు నిండా జనం. సింహాచలం గిన్నెలో సబ్బు కలుపుతూ కూచున్నాడు. ఆ చప్పుడు రత్నాజీ చెవుల్లో పడుతూనే ఉంది.

ఆయన కాయితం మీదికి వంగి మూడు గంటలు గీశాడు. నడిమిది వచ్చింది. చుట్టూ ఒకటి, రెండు, మూడు. మొనకు మొన తగిలి, గీతలో గీత కలిసి, ఎక్కడా గారె లేదు, కోడిపుంజులు లేవు. ఆరోది పూర్తయ్యాక నన్ను మూసి పక్కన పెట్టి, కాయితాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి చూసుకున్నాడు. చూస్తూ చూస్తూ ఆఖరి మొన దగ్గర ఆగిపోయాడు.

"ఏమైందిరా?" అన్నాడు పేర్రాజు.

"పోయిందిరా," అన్నాడు రత్నాజీ సన్నగా. "ఇదుగో. గీత చుక్కని దాటి బయటికెళ్ళింది."

పేర్రాజు కళ్ళు చికిలించి చూశాడు. జనం చూశారు. ఎవరికీ ఏమీ కనపడలేదు. "బాగానే ఉంది కదండీ," అన్నాడు సింహాచలం. ఆ సమయంలో రత్నాజీ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మొదటి రోజున చుక్కను తుడిచి జరిపిన మనిషి ఈయనే మరి! కాని ఆయన కుర్చీ లాక్కుని సింహాచలం ముందు కూచుని, గడ్డం ఎత్తి, "కానియ్యి. దాటింది దాటినట్టే," అన్నాడు.

జైతూన్ బీ ఈ గొడవేమీ పట్టించుకోలేదు. కాయితం దగ్గర కూచుని నన్ను తెరిచి, ఒక్కో నక్షత్రాన్నీ మొదటి నుంచి నడిపించి చూస్తోంది. డెబ్భై ఏళ్ళ మనిషి, తొందర అనేది ఆవిడ ఒంట్లో లేదు. ఇటు సబ్బు పూయడం అయింది. కత్తి ఆడింది. ఎడమ పక్క మీసం నురగతో సహా గుడ్డ మీద పడింది.

అప్పటికి ఆవిడ ఆరో నక్షత్రానికి వచ్చింది. ఆఖరి మొన దగ్గర నా పెన్సిలు కాలు చుక్క మీద సరిగ్గా దిగింది. ఇంకోసారి నడిపించింది. మళ్ళీ సరిగ్గా దిగింది. ఆవిడ కళ్ళజోడు నొసటి మీదికి తోసి, ముక్కు కాయితానికి ఆనేంత వంగింది. నన్ను తిరగేసి, నా ముల్లుతో ఆ దాటిపోయిన గీతను మెల్లగా గీకింది. గీత లేచి వచ్చింది. నా ముల్లు చివర వేలాడింది.

నల్లగా, నిగనిగలాడుతూ, కొస కాస్త పైకి తిరిగిన మీసం వెంట్రుక.

"ఆపు సింహాచలం!" అని ఆవిడ అరిచిన అరుపుకి కత్తి సగం దూరంలో ఆగింది. "ఇది గీత కాదయ్యా! నువ్వు వంగి గీస్తుంటే రాలింది. బొమ్మ కుదిరింది!" అంటూ అక్కడికక్కడే కింద సంతకం పెట్టేసింది.

అరుగంతా గోల. పేర్రాజు తల గోక్కున్నాడు. "ఒరేయ్, ఒప్పుకున్నా. తగిలించుకుంటాలే. అయితే మాత్రం, సగం మీసంతో ఎలా తిరుగుతావురా?" అని పగలబడి నవ్వాడు.

రత్నాజీ అద్దం తీసుకున్నాడు. ఎడమ పక్క ఖాళీ, కుడి పక్క నిండుగా. కాసేపు ముక్కు నిలువునా వేలు ఆనించుకుని అటు చూశాడు, ఇటు చూశాడు. అద్దం పక్కన పెట్టి, "సింహాచలం, ఆ సగమూ తీసెయ్," అన్నాడు.

"గెలిచారు కదండీ!"

"గెలిచాను కాబట్టే. రెండు వైపులూ ఒకలా లేనిదాన్ని మూతి మీద పెట్టుకుని తిరిగితే, నలభై రోజులు నేర్చుకున్నదేంటి?"

జైతూన్ బీ నవ్వీ నవ్వీ కళ్ళజోడు తుడుచుకుని, నన్ను ఆయన జేబులో పెట్టింది. "తీసుకెళ్ళు. దీనికి చెయ్యి దొరికింది," అంది. ఇంటికి వెళ్ళాక శేషమాంబ తలుపు తీసి, "మావారు కొట్లో ఉంటారండీ," అని తలుపు వేసేసింది.

ఆయన దగ్గర నేను ఇప్పుడు మూడో ఏడు. రోజూ పొద్దున ఒక నక్షత్రం గీసి గాని కొట్టు తెరవడు. నా మర కాస్త వదులైంది, ఇత్తడి మెరుపు తగ్గింది, అయినా ఆరో అడుగు ఇంటికే చేరుతోంది. మీసం మళ్ళీ పెరిగింది. గీయడం అయ్యాక అద్దం ముందు నిలబడి, నా ముల్లును ముక్కు కింద నడిమధ్యన ఆనించి, రెండో కాలితో ఇటు కొస, అటు కొస చూసుకుంటాడు. మసీదు కిటికీలు నడిచిన కాళ్ళు నావి. అడిగితే ఇదీ నష్టం కింద రాసుకోలేను.

మొన్న జైతూన్ బీ వచ్చి నన్ను చేతిలోకి తీసుకుంది. "దీని గొట్టానికి ఈ నల్లరంగేంటి రత్నాజీ?" అని అడిగింది.

ఆయన గుడ్డలు మడతపెట్టడంలో మునిగిపోయాడు.