గోలీలు ఆపింది ఎవరు

మా తమ్ముడు శ్రవణ్‌కుమార్‌కు గోలీలు వేసే పని ఎనిమిదేళ్లుగా నాది. అమ్మకు చూపు సరిగా ఆనదు, ఏ గోలీ ఏదో తెలియదు. నన్ను ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి మా ఇంటికీ అమ్మ ఇంటికీ మధ్య రెండే ఇళ్లు. పొద్దున ఒకటి, రాత్రి తిన్నాక రెండు. వాడు అరచెయ్యి చాపుతాడు, వేసుకుని నీళ్లు తాగి నాలుక చూపిస్తాడు. చూపించమని నేనెప్పుడూ అడగలేదు. మొదటిసారి దవాఖానలో ఉన్నప్పుడు నర్సులు అడిగేవారట, ఆ అలవాటు పోలేదు.

జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. ఆ పేరు మా ఊళ్లో ఎవరికీ నోరు తిరగదు గనక గాలి అన్నారు, చేతబడి అన్నారు. వాడికి ఇరవై రెండేళ్లప్పుడు, మగ్గం చప్పుడులో ఎవరో తనను తిడుతున్నారని లేచి పారిపోయాడు. అమ్మ యాదగిరిగుట్టకు తీసుకుపోయి నలభై రోజులు ప్రదక్షిణలు చేయించింది. వాడు అక్కడా చెవులు మూసుకునే తిరిగాడు. ఆ తర్వాత గానీ మాకు నల్గొండ పెద్ద దవాఖాన గుర్తుకు రాలేదు.

డాక్టరు మంజులత గారు దాచకుండా చెప్పారు. షుగరుకు వాడినట్టే ఏళ్ల తరబడి వాడాలి, వాడితే అందరిలా పని చేసుకుని బతకొచ్చు, సొంతంగా ఆపితే తిరగబెడుతుంది, తిరగబెట్టిన ప్రతిసారీ మనిషి కోలుకోవడం కష్టమవుతుంది అన్నారు. ఆమె అన్నట్టే తిట్లు వినిపించడం ఆగింది, వాడు మళ్లీ మగ్గంలో కూర్చున్నాడు. ఆ మందుకు చేతులు మాత్రం వణికేవి.

చేతులు వణకడం మా ఇళ్లలో చిన్న మాట కాదు. మాది చిటికి పని. నేయకముందే నూలును లెక్క ప్రకారం రబ్బరు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతాం, కట్టిన చోట రంగు అంటదు. ఒక్క కట్టు వెంట్రుకవాసి జరిగినా చీరలో నెమలి మెడ విరిగిపోతుంది. జబ్బుకు ముందు శ్రవణ్ మా నాయిన కంటే బాగా కట్టేవాడు. తర్వాత ఎవరో కట్టిన నూలు తెచ్చి నేసుకునేవాడు.

పోయిన ఏడాది శ్రావణంలో వాడు గడుల కాగితం ఒకటి తెచ్చి నా ముందు పరిచాడు. అంచు నిండా చిలుకలు, ఏ రెండూ ఒక్క తీరుగా లేవు. ఎనిమిదేళ్లలో వాడు గీసిన మొదటి డిజైను.

“అక్కా, గిది నేనే కట్టాలె. నా చేతులు జర నాకు ఇప్పియ్యి,” అన్నాడు.

డాక్టరమ్మను అడగాల్సింది. వణుకుంటే చెప్పండి, దానికీ ఉపాయం ఉంది అని మేం పోయిన ప్రతిసారీ ఆమె అనేది. బాగున్నవాడి మందు ఆమె కదిలిస్తే ఏమవుతుందోనని భయపడి చెప్పలేదు. నా చేత్తో ఆపడానికి మాత్రం భయం వేయలేదు, చూడండి నా తెలివి. రాత్రి గోలీలు రెండింటిని ఒకటి చేశాను. పదిహేను రోజులకు అదీ మానిపించాను, ఆ వెంటనే పొద్దుటిదీ. అమ్మకు చెప్పలేదు.

నెల దాటేసరికి వేళ్లు నిలిచాయి. చిలుకలన్నీ వాడే కట్టాడు. నా వంకాయ కూర కంటే రంగునీళ్లు రుచిగా ఉంటాయని నన్ను ఏడిపించాడు. వీరేశం బాబాయి వచ్చి నూలు చూసి, మీ నాయిన దిగొచ్చిండు అన్నాడు. నేను పెరట్లోకి పోయి సంతోషంతో ఏడ్చాను. ఆ రోజులు ఇప్పటికీ నాకు తప్పుగా అనిపించవు, నా బాధంతా అదే.

చీర సగమైనప్పుడు వాడికి నిద్ర పట్టకుండా పోయింది. నేనిచ్చే నీళ్లు వాసన చూసి తాగేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను గోలీలు తీస్తే, విషమని విసిరికొట్టాడు. ఒక మధ్యాహ్నం ఇల్లు వదిలి పోయాడు. మూడో రోజు చౌటుప్పల్ బస్టాండులో దొరికాడు, కాళ్లకు చెప్పుల్లేవు, నన్ను గుర్తుపట్టలేదు.

దవాఖానలో నెల ఉంచారు. గోలీలు వేళకు వేశావా అని డాక్టరమ్మ అడిగితే, అమ్మ పక్కనే ఉంది, వేశానన్నాను. శ్రవణ్ ఇంటికి వచ్చాడు గానీ మొత్తంగా రాలేదు. ఆర్నెల్లయినా తిట్లు సన్నగా వినిపిస్తూనే ఉన్నాయంటాడు. మగ్గం వైపు చూడడు. అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుడతాడు, అవీ మధ్యలో వదిలేస్తాడు.

పోయిన సోమవారం ముగ్గురం దవాఖానకు పోయాం. వేళకు వేసుకుంటుండగానే తిరగబెట్టిందంటే ఈ మందు పట్టడం లేదనుకోవాలని, నెత్తురు పరీక్షలు చేస్తూ ఇచ్చే పెద్ద మందుకు మారుద్దామని డాక్టరమ్మ అంది. ఒక్క రోజైనా ఆపలేదు కదా అని నా ముఖం చూసి మరోసారి అడిగింది. ఊరంతా నాకు నోరెక్కువ అంటారు. ఆ గదిలో నేను సంచిలో మందుల చీటీ వెతికాను.

“నేనే ఆపిన మేడం,” అన్నాడు శ్రవణ్. “నాలిక కింద పెట్టుకొని ఉమ్మేసేటోన్ని. అక్కకు తెల్వది.”

ఆమె కలం ఆపి వాడిని చూసింది. అయితే గోలీలతో లాభం లేదని, నెలకొక సూది రాసింది. ఇందులో మీ తప్పేం లేదమ్మా అని నా భుజం తట్టింది. చెంప మీద కొట్టినా అంత నొచ్చేది కాదు. వరండాలో అమ్మ వాడిని తిట్టి పోసింది. బంగారం లాంటి బతుకును చేతులారా చెడగొట్టుకున్నావని ఏడ్చింది. వాడు తల దించుకుని విన్నాడు.

అమ్మ బెంచీ మీద కూలబడ్డాక, మందుల లైనులో వాడిని అడిగాను, ఎందుకు అబద్ధం చెప్పావని.

“నువ్వని తెలిస్తే అమ్మ నీ ఇంట్ల మంచినీళ్లు గూడ ముట్టదక్కా,” అన్నాడు. “నన్నైతె ఏమంటరు? పిచ్చోడు గదా అంటరు. అది ఎట్లైన అంటనే ఉన్నరు.”

నేను లైను వదిలి వెనక్కి వచ్చాను. డాక్టరమ్మ గది ముందు ఇంకా పదకొండు మంది ఉన్నారు. వాళ్ల వెనక నిలబడి, అమ్మను కూడా రమ్మని పిలిచాను.