విప్పని కుట్టు

ఆ రోజు ఖుద్సియా చేయవలసిన పనులు ఇవి. పంతులమ్మ రవికలకు కాజాలు కుట్టాలి. మాదన్నపేట మార్కెట్టు వెనక ఇంట్లో లంగా ఇచ్చి రావాలి. మిషనుకు నూనె వేయాలి. కమలకుమారిని పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. వీలైతే తన నడుం నొప్పి కూడా అక్కడే చూపించుకోవాలి.

వీలైతే అన్న పని చాలా రోజులుగా చివరనే ఉండిపోతోంది.

యాకుత్‌పురా స్టేషను వెనక ఆమెది ఒంటి గది. కాలి మిషను కిటికీ పక్కన. కుడి చెయ్యి భుజం నుంచి వేళ్లదాకా వాచి బరువుగా ఉంటుంది కాబట్టి గుడ్డను ఎడమచేత్తోనే నడిపిస్తుంది. పంతొమ్మిది వందల డెబ్భైలో క్యాన్సరని కుడి రొమ్ము తీసినప్పుడు దాని కింది కండనూ, చంకలోని గడ్డలనూ కూడా తీసేశారు. అప్పటి పద్ధతి అదే. అప్పటికే భర్త లేడు. కట్టు విప్పిన నెలకే ఆమె మళ్లీ మిషను తొక్కింది.

ఆడవాళ్లెవరూ ఆమెకు కొలతలు ఇవ్వరు. ఒంటికి సరిపోయిన పాత రవిక ఒకటి ఇస్తారు. అదే ఆది. లావైతే వదులు చేయడానికి లోపల గుడ్డ మిగిల్చి, రెండు పక్కలా మూడేసి వరసల కుట్లు వేయడం ఖుద్సియా అలవాటు.

కమలకుమారి గుంటూరు నుంచి బదిలీ అయి వచ్చిన గుమాస్తా శ్రీహరిరావు భార్య. ఉగాదికి తన ఆది తెచ్చి ఎడమ పక్క ఒక కుట్టు విప్పమంది. ఖుద్సియా విప్పింది. శ్రావణంలో మళ్లీ ఎడమ పక్కే. అదీ విప్పింది. మొన్న పట్టు గుడ్డతో పాటు ఆది మూడోసారి తెస్తే, ఖుద్సియా చేతిలోని కత్తెరను కింద పెట్టేసింది.

"లావైతె రెండు దిక్కుల ఐతరు కమలమ్మా. ఒక్క దిక్కే ఎట్ల ఐతవు?"

కమలకుమారి పైట సర్దుకుంది. "నొప్పేం లేదు ఖుద్సియాబీ. ఈ వారమే మా ఆడపడుచు గృహప్రవేశం. తొందరగా కుట్టివ్వు."

"నాకు సుత నొప్పి లేకుండె. దవాఖానకు పొయ్యొచ్చినంక ఇస్త."

"ఇదేం దౌర్జన్యం!"

"గట్లనే అనుకో."

ఆ రోజు ఇద్దరూ రిక్షా ఎక్కి నయాపూల్ దాటారు. దవాఖానలో చీటీ రాయించుకుని వరసలో కూర్చున్నాక కమలకుమారి చటుక్కున లేచింది.

"నేను వెళ్లిపోతాను. మా ఆయనకి ఏమని చెప్పను?"

"రవిక పడ్తలేదని చెప్పు."

"నీకు వేళాకోళంగా ఉందా?"

ఖుద్సియా ఆమె చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకుపోయింది. బురఖా తీసింది, కుర్తా ఎత్తింది. మెడ ఎముక కింద గొయ్యి. దాని కింద పలచటి చర్మం అంటుకున్న పక్కటెముకలు. కమలకుమారి చూపు తిప్పుకోలేకపోయింది. ఖుద్సియా కుర్తా లోపలినుంచి ఒక గుడ్డ సంచి తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"దీంట్ల మొదలు సజ్జలు పోసిన. వానల తడిసి, మొలకలొచ్చినయి. రొమ్ము పోయిన జాగల చేను మొలిసింది! ఇప్పుడు దూదే పెడ్తున్న."

కమలకుమారికి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది.

"ఏడ్వు. గని బతికున్న చూడు. గది చూడు."

డాక్టరమ్మ ఎడమ రొమ్ములోని గడ్డను తడిమి చూసింది, సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపింది. చంకలో ఇంకా ఏమీ తగలడం లేదంది. చేతికి దొరకనిది కూడా కనిపించే ఎక్స్‌రే వచ్చిందనీ, రెండో వైపు దాంతో చూద్దామనీ చెప్పింది. ఆపరేషను కావాల్సి వచ్చినా ఇప్పుడు కండ తియ్యరట. తర్వాత రోజూ వేసుకోవడానికి మాత్ర కూడా ఉందట.

"మరి ఈవిడకెందుకు తీశారు?" కమలకుమారి అడిగింది.

"అప్పటికి మాకు తెలిసింది అంతే."

"నా కండ పాయె, మీకు తెలివి వచ్చె," అంది ఖుద్సియా. డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వి, "నువ్వేంటి అలా వంగి నడుస్తున్నావు?" అంది.

"మిషను మీద కూసుంట గదా. ముందు ఈమెది కానీయుండ్రి. నేను మల్ల వస్త."

ఇంటికొచ్చి కాజాలు కుట్టింది. లంగా ఇచ్చి వచ్చింది. మిషనుకు నూనె వేసింది. పట్టు రవిక వదులుగానే కుట్టింది గానీ, ఆదికి మూడో కుట్టు విప్పలేదు.

"గిది నీకు మల్ల పడ్తది," అంది ఆది చేతికిస్తూ.

దసరా వెళ్లాక కమలకుమారికి ఆపరేషను జరిగింది. శ్రీహరిరావు వార్డు బయట బల్ల మీంచి లేచి, తోడు వచ్చిన ఖుద్సియాకు మళ్లీ వస్తానన్న మాట గుర్తు చేసి, ఆ రోజే నడుముకు ఎక్స్‌రే తీయించాడు. పాత జబ్బే వెన్నెముకలోకి పాకింది. ఆమెకూ ఆ మాత్రే ఇచ్చారు. నొప్పి తగ్గి, మరో ఏడాది మిషను తొక్కింది. ఆ ఏడాదిలోనే కమలకుమారి కోసం దూది సంచి ఒకటి కుట్టింది. తర్వాతి చలికాలంలో ఒక ఉదయం, కిటికీ తీయకముందే పోయింది.

కమలకుమారి చేతికి వాపు రాలేదు. ఇప్పటికీ బిందె చంకన పెట్టుకుని నీళ్లు తెస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా రవిక ఒక్క పక్కే బిగుతైందంటే, కుట్టు విప్పకముందు యాకుత్‌పురా ఖుద్సియాను తలచుకోండి. ఆ ఆది రవిక ఇంకా కమలకుమారి పెట్టెలో ఉంది, ఎడమ పక్క మూడో కుట్టు అలాగే.