ఎదుగూ బొదుగూ

ల్యాబులో ఎలుకలకు మేత వేసే ఆమెను అందరూ మేతలక్క అంటారు. ఎదుగూ బొదుగూ లేని ఒక బక్క ఎలుకకు దొంగచాటుగా గుప్పెడు ఎక్కువ వేస్తూ ఆమె డాక్టరమ్మకు దొరికిపోయింది.

“ఎంత వేసినా అంతే అక్కా. పసిగుడ్డుగా ఉన్నప్పుడు దీనికి నులిపురుగులు ఎక్కించాం కదా.”

మేతలక్కకు ఒళ్లు మండింది. “తర్వాత మందేసి చంపేశారుగా! ఇప్పుడు ఒక్కటీ లేదుగా!”

“లేదు. కానీ ఎదగాల్సిన వయసంతా వాటికే పోయింది.”

మేతలక్క కూతురు కూడా పసితనంలో నులిపురుగులతో మెలికలు తిరిగిపోయింది. ఇప్పుడు పోలీసు ఉద్యోగానికి వేలెడు ఎత్తు చాలక, ఏడాదిగా పూటపూటా పాలు తాగుతోంది.

సాయంత్రం ఆ పిల్ల గ్లాసు ఖాళీ చేసి, గోడకు ఆనుకుని నిటారుగా నిలబడింది. “గీత గియ్యమ్మా, ఈసారి పెరిగుంటా.”

పెన్సిల్ పాత గీత మీదే ఆగింది. మేతలక్క దాన్ని వేలెడు పైకి జరిపి గీసింది.