మాట పడిపోయిన ఇస్త్రీ కొట్టాయన

ఇస్త్రీ కొట్టావిడకు వీధిలో స్థిరపడిపోయిన పేరు సైరన్. మబ్బు పట్టిందంటే చాలు, వానకంటే ముందు ఆవిడ గొంతు మోగుతుంది. మేడ మీద రెండు గదుల కాపురం, కింద కొట్టు, మధ్యలో ఇరుకు మెట్లు. ఆ మెట్ల మీద నిలబడి ఆవిడ లోకం మొత్తానికీ కంగారు పడుతూ ఉంటుంది. మొగుడు పూర్తిగా వేరే రకం. రోజంతా కలిపి ఆయన నోట్లోంచి ఊడిపడే మాటల కంటే ఇస్త్రీ పెట్టెలోంచి వచ్చే ఆవిరే ఎక్కువ.

ఉన్న ఒక్క కూతుర్నీ వంతెన అవతల, పడవల రేవు పక్కన ఇచ్చారు. అల్లుడు మరపడవల ఇంజిన్లు బాగుచేస్తాడు. బడికి పోయే ఈడు రాని మనవరాలు, మోకాళ్ల నొప్పుల వియ్యపురాలు, అంతే ఆ ఇల్లు. నీళ్లకు మరీ దగ్గర. సముద్రం కాస్త గట్టిగా ఊపిరి తీస్తే వంటింట్లోకి వినపడుతుంది.

సైరన్ అనే పేరు మొదట పెట్టింది ఆ వియ్యపురాలే. రేవులో టీ కొట్టు నడిపి, పడవల వాళ్లతో మాటకు మాట అంటించి రాటుదేలిన మనిషి. ఒకసారి తుఫానొస్తోందని ఈవిడ గోల పెట్టి కూతుర్ని పిలిపించుకుంటే, మర్నాడు ఎండ ఫెళ్లున కాసింది. "సైరనమ్మగారి తుఫానుకి నా దుప్పట్లన్నీ చక్కగా ఆరాయి" అంది వియ్యపురాలు పదిమందిలో. అందరూ నవ్వారు. ఈవిడా నవ్వింది, పళ్లు కొరుక్కుంటూ. ఆ మాట మాత్రం గొంతులో చేపముల్లులా అడ్డం పడి అలాగే ఉండిపోయింది.

ఈసారి తుఫాను ఉత్తుత్తిది కాదు. టీవీ పెడితే అదే, రేడియో పెడితే అదే. పొద్దుటి నుంచే గాలి ఒక దిక్కున నిలవకుండా వీస్తోంది. కొట్టు ముందరి రేకు టపటపా కొట్టుకుంటోంది. ఆవిడ కూతురికి ఫోను చేసింది.

"పిల్లని తీసుకుని వచ్చెయ్యవే."

"మధ్యాహ్నం వ్యాను వస్తుందమ్మా. ఇక్కడి వాళ్లందర్నీ స్కూలు మేడ మీదికి చేరుస్తారు. అత్తయ్యని ఎత్తి ఎక్కించడానికి ఆయన ఉండాలి కదా, ఆవిడ మోకాళ్లు..."

"మీ అత్తయ్య సంగతి తర్వాత చూద్దువులే. ముందు నువ్వూ పిల్లా రండి."

"అలా ఎలా వచ్చేస్తాను? నీకు ప్రతిసారీ ఇదే గోల. ఉంటాను, బట్టలు సర్దుకోవాలి."

ఫోను పెట్టేసింది. ఆవిడ కాళ్లు కాలిన పిల్లిలా మేడ మీద తిరిగింది. కిటికీ వేసింది, తీసింది, మళ్లీ వేసింది. కళ్లు మూస్తే నీళ్లు, తెరిస్తే నీళ్లు. ఆ నీళ్ల మీద మనవరాలి చెప్పు ఒకటి తేలుతున్నట్టు కనపడింది. మళ్లీ ఫోను తీసేసరికి ఏం చెప్పాలో అనుకోలేదు. నోరే ముందు పరిగెత్తింది.

"అమ్మాయ్, మీ నాన్న పడిపోయారే. మూతి వంకర పోయింది. మాట పడిపోయింది."

అవతల ఊపిరి ఆగిన చప్పుడు వినపడింది. తర్వాత ఒక్క మాటే. "వస్తున్నాం."

ఫోను దించాక ఆవిడకు ఒళ్లు చల్లబడింది. ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆ వెనకే హాయిగానూ అనిపించింది. వచ్చి తిడితే తిట్టనీ, బతికుంటేనే కదా తిట్టేది అనుకుంది. మనవరాలి కోసం పక్క పరిచింది. పాలు కాచింది. రేవు పక్క ఇంట్లో ఇంకో మనిషి ఉందన్న సంగతి ఆ పక్క పరిచేటప్పుడు గానీ, పాలు కాచేటప్పుడు గానీ ఆవిడకు తట్టలేదు.

కింద ఆయన స్టూలెక్కి, కొట్లోకి నీళ్లొస్తే తడవకుండా జనం బట్టలన్నీ పై కడ్డీకి మారుస్తున్నాడు. నోట్లో పిన్నీసులు. అప్పుడే మోటారు సైకిలు వచ్చి ఆగింది. కూతురు తడిసి ముద్దయి, పిల్లని చంకనేసుకుని లోపలికి పరిగెత్తింది.

"నాన్నా... నాన్నా, మాట్లాడు నాన్నా."

నోటినిండా పిన్నీసులున్న మనిషి ఏం మాట్లాడతాడు? ఊఁ ఊఁ అంటూ చెయ్యి ఊపాడు. కూతురు బావురుమంది. అల్లుడు ఒక్క ఉరుకున వచ్చి, పడిపోకుండా ఆయన రెండు కాళ్లూ వాటేసుకున్నాడు. ఆయన పిన్నీసులు ఒక్కొక్కటీ తీసి చేతిలో పెట్టుకుని, "ఇంత గాలిలో ఎందుకొచ్చారమ్మా? ఎవరికేమైంది?" అన్నాడు.

ఆ మాట మెట్ల మీద నిలబడి ఉన్న ఆవిడకూ వినపడింది. నవ్వుతూ దిగి వద్దామనుకుంది. అల్లుడు ఆయన కాళ్లు వదలడం చూశాక నవ్వు రాలేదు. అతను మెల్లగా వదిలి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "మంచిదండీ మామయ్యా, బాగున్నారు, అంతే చాలు" అన్నాడు. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా బండి తిప్పాడు.

"ఎక్కడికి బాబూ? పాలు కాచాను" అంది ఆవిడ.

"అమ్మ ఒక్కతే ఉందండీ" అని వెళ్లిపోయాడు.

కూతురు తల్లి వైపు చూసింది. ఆ చూపు కంటే చెంపదెబ్బ నయం.

"దారంతా ఏమనుకుంటూ వచ్చానో తెలుసా నీకు? నాన్నతో ఆఖరిసారి ఏం మాట్లాడానో గుర్తు రావట్లేదని ఏడ్చుకుంటూ వచ్చాను."

"నీ మంచికేనే. మామూలుగా పిలిస్తే వచ్చావా?"

"బండి మీద నలుగురం పట్టం. నేనాగిపోతాను, ఆయన్నీ పిల్లనీ పంపిస్తానంటే అత్తయ్య నన్ను తోసి మరీ ఎక్కించింది. వ్యాను వస్తుందిగా, వాళ్లే ఎవరో ఒకరు ఎత్తుకుంటార్లే, కన్నతండ్రి ముఖ్యం, ఫో అంది. గుమ్మం పట్టుకుని నిలబడింది, మేం మలుపు తిరిగేదాకా."

ఆవిడ మెట్లు దిగి, పిల్లని చేతుల్లోకి తీసుకుని తల తుడిచింది.

అల్లుడు తొందరగానే తిరిగొచ్చాడు. వంతెన మూసేశారు. కాళ్లు పట్టుకున్నా పోలీసులు వదల్లేదట. పైకి రమ్మంటే రాలేదు. కొట్టు గుమ్మంలోనే కూర్చున్నాడు, నీళ్లోడుతూ. తువ్వాలు ఇస్తే, "పర్వాలేదండీ అత్తయ్యా" అన్నాడు. ఒక్క మాట తూలినా ఆవిడకు ప్రాణం కుదుటపడేది. అతను తూలలేదు.

ఇంతలో కూతురి ఫోను మోగింది. వియ్యపురాలే. కూతురు చూసి, ఎత్తకుండా తల్లి చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు."

"వదినా," అంది అవతలి గొంతు, గాలి హోరులోంచి. "అన్నయ్యగారికెలా ఉంది? డాక్టరొచ్చాడా?"

"కాస్త... తేరుకున్నారు వదినా."

"మాటొచ్చిందా?"

కడ్డీ దగ్గర నిలబడి ఆయన వింటున్నాడు. గుమ్మంలోంచి అల్లుడు వింటున్నాడు. చెప్పేస్తే అక్కడికక్కడ తేలిపోతుంది. ఆవిడ నాలుక మడత పడింది.

"ఒకటి రెండు మాటలు."

"హమ్మయ్య. ఆయన మామూలుగా మాట్లాడేదీ అంతేగా, ఇంక భయం లేదు. మావాణ్ణి వెనక్కి పంపకండి వదినా. నాకోసం వస్తానని ఎగురుతాడు, వెధవ. వ్యాను ఇంకా రాలేదు, వస్తుంది లెండి. మీరు అసలే కంగారు మనిషి, ఏమైనా తిన్నారా..."

లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు. అల్లుడు ఎన్నిసార్లు నొక్కినా కలవలేదు. "వ్యాను ఇంకా రాలేదటా?" అని మాత్రం అడిగాడు. ఆవిడ తలూపింది.

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పుకోవడానికి లేదు. రేకు ఎగిరిపోయింది, కరెంటు పోయింది, కొట్లో మడమ లోతు నీళ్లు నిలిచాయి, అప్పటికి గానీ అల్లుడు మేడెక్కలేదు. ఆవిడ ఇన్నాళ్లూ తుఫానంటే తనవాళ్ల కోసం భయపడటమే అనుకుంది. తనవాళ్లందరూ గోడకానుకుని కళ్లెదుటే ఉన్నారు. అయినా గాలి అరిచినప్పుడల్లా, గుమ్మం పట్టుకుని నిలబడిన ఆ మోకాళ్ల నొప్పుల మనిషే కళ్లలో మెదిలింది. ఎవరితో పంచుకుంటుంది? అల్లుడు పక్కనే ఉన్నాడు. అతని ఎదురుగా కంగారు పడే హక్కు కూడా తనకు లేదనిపించింది.

తెల్లారి నీళ్లు తీశాక వంతెన తెరిచారు. అల్లుడు వెళ్లి, పొద్దెక్కాక చేపల లారీలో తల్లిని తీసుకొచ్చాడు. వ్యాను రానేలేదట. రేవు వాళ్లు ఆవిణ్ణి చేపబుట్టలు తోసే బండిలో కూర్చోబెట్టి, మంచు ఫ్యాక్టరీ మేడ మీదికి చేర్చారట. ఇంట్లోకి కిటికీ ఎత్తున నీళ్లొచ్చాయట.

"మంచుగడ్డలతో పాటు నన్నూ నిలవ పెట్టారమ్మా, అందుకే పాడవలేదు" అంటూ ఆవిడ లారీ దిగింది. మనిషి మాత్రం గజగజ వణుకుతోంది. ఇంట్లో ఎవరినీ పలకరించకుండా తిన్నగా కొట్టాయన దగ్గరికి కుంటుకుంటూ వెళ్లింది. ఆయన లేవబోయాడు.

"లేవకండి అన్నయ్యగారూ, లేవకండి. పిల్లలు నేను బతికానో లేదోనని చూస్తున్నారు గానీ, నేను మాత్రం మీ కోసమే దండాలు పెట్టుకుంటూ కూర్చున్నాను. మాటొచ్చిందా పూర్తిగా?"

ఇస్త్రీ కొట్టావిడ అల్లుడి వైపు చూసింది. "నేనేం చెప్పలేదండీ" అన్నాడతను మెల్లగా. "మీరే చెప్పుకుంటారని."

మొగుడు పెదవి విప్పలేదు. విప్పితే భార్య పరువు పోతుందని విప్పలేదు. అలాగే ఊరుకుంటే గడిచిపోయేది కూడా. వియ్యపురాలు అప్పుడే కళ్లు ఒత్తుకుంటూ, "పాపం, ఎలాంటి మనిషికి ఎలాంటిదొచ్చింది" అంటోంది.

"వదినా," అంది ఆవిడ. గొంతు తనది కాదేమో అన్నట్టుంది. "ఆయనకేం కాలేదు. అబద్ధం చెప్పాను. పిల్లలు వస్తారని."

వియ్యపురాలు కళ్లు ఒత్తుకుంటున్న చెయ్యి అక్కడే ఆగింది. కోపమొస్తుందనుకున్నారు అందరూ. ఆవిడ బల్ల మీద కూర్చుని మోకాలు రాసుకుంది.

"అంత పెద్ద అబద్ధం ఆడారు కదా వదినా," అంది చివరికి. "అందులో నాకింత చోటు పెట్టకపోయారా? మీ అత్తగారిని కూడా ఆఖరి చూపుకి తీసుకురండి అంటే, వాడు నన్ను భుజాన వేసుకొచ్చేవాడుగా."

కావాలని వదిలేశానంటే అది పాపం. మర్చిపోయానంటే అంతకంటే పాపం.

ఆ వారమంతా వీధిలో వాళ్లు కొట్టు ముందు ఆగి మరీ మెచ్చుకున్నారు. "నువ్వు మోగబట్టే నీ వాళ్లు బయటపడ్డారు. ఇంకెప్పుడూ నిన్ను వెక్కిరించంలే" అంది ఎదురింటావిడ. వియ్యపురాలు లోపల బల్ల మీద టీ తాగుతోంది. ఉండటానికి ఇల్లు లేక అక్కడే ఉంటోంది.

ఇస్త్రీ కొట్టావిడ చేతిలోని పెట్టె పక్కన పెట్టింది. "నేను బయటపడేసింది నా కూతుర్నీ అల్లుణ్ణీ మనవరాలినీ. వాళ్ల ఇంట్లో ఇంకో మనిషి ఉంది. ఆవిణ్ణి వదిలేశాను. అదుగో, ఆవిడే" అంది.

ఎదురింటావిడకు ఎటు చూడాలో తెలియలేదు. వియ్యపురాలు తలెత్తలేదు. ఖాళీ గ్లాసు ముందుకు చాపి, "ఉంటే ఇంకొంచెం పొయ్యండి" అంది. ఆవిడ పోసింది. గ్లాసు అంచుదాకా పోసింది.