శుక్రవారం నాది

మా వీధిలోకి కొత్త గుమాస్తా దిగాడంటే నేను ముందు అతని మొహం చూసేదాన్ని కాదు, చేతుల్లో ఏముందో చూసేదాన్ని. ఉత్తచేతులతో వచ్చినవాడు నిలబడేవాడు. ఇంటి దగ్గర్నించి ఊరగాయ జాడీలు మోసుకొచ్చినవాడు అవి అయిపోగానే రైలెక్కేసేవాడు. సుందరరావు వచ్చిననాడు రెండు చేతుల్లోనూ జాడీలే.

"జాడీ అడుగు కనపడేదాకా ఉంటాడు" అన్నాను మావారితో.

"నీ నోటికి మంచి మాటే రాదు కదా!" అన్నారాయన.

అప్పటికి మా రాయగడ మీదుగా రాయపూరు దాకా రైలు కలిసి ఏడాది కావస్తోంది. మావారు వరాహనరసింహంగారు ఎస్టేటు కచేరీలో పెద్ద గుమాస్తా. కచేరీలో పనిచేసే తెలుగు కుటుంబాలన్నీ ఒక్క వీధిలోనే ఉండేవి. బొబ్బిలి నుంచో పాలకొండ నుంచో ఎవరో ఒక కుర్రవాడు కొత్త ఉద్యోగానికని వస్తూండేవాడు, మన్యం జ్వరం ఒక్కసారి పట్టి కుదపగానే పోతూండేవాడు. కింద ఊళ్ళలో మన్యమంటే అంత భయం. మగపిల్లల్నైతే ఉద్యోగమని పంపేవారు గానీ, ఆడపిల్లల్ని ఇక్కడికి కాపరానికి పంపేవారు కాదు. అందుచేత పెళ్ళైన బ్రహ్మచారులకి మా వీధిలో ఎప్పుడూ కొదవుండేది కాదు.

వాళ్ళ తిండి మాట ఆలోచించింది నేను. బీద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకుంటారు చూడండి, రోజుకొక ఇంట్లో భోజనం, అలాగే కొత్తగా వచ్చిన ఉద్యోగస్థుణ్ణి వీధిలో ఆడవాళ్ళం రోజులు పంచుకున్నాం. దీనికో కారణం ఉంది. నేను కాపరానికొచ్చిన కొత్తలో మావారు క్యాంపులు తిరుగుతూంటే నాకు పలకరించే దిక్కుండేది కాదు. వండుకున్న అన్నం ముందు కూచుని ఏడ్చేదాన్ని. తినే మనిషికి ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి, లేకపోతే ముద్ద దిగదు. మాకు పిల్లలు కూడా లేరు. ఆ మాట దాచుకోవడానికేముంది, ఎవరో ఒకరు మా ఇంట్లో "ఇంకాస్త మజ్జిగ పొయ్యండి" అంటూంటే నాకు బాగుండేది.

సుందరరావుకి సోమవారం జగదాంబ ఇల్లు, బుధవారం సూర్యకాంతమ్మ ఇల్లు, అలా వారమంతా అందరూ పంచుకున్నారు. శుక్రవారం నాది. మొదటి శుక్రవారం వచ్చి, అడ్డాకు విస్తరి ముందు తల దించుకు కూచున్నాడు. పనసపొట్టు కూర కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడో లేదో, కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారాయి.

"ఆవ ఘాటండీ" అన్నాడు, ఉత్తరీయంతో తుడుచుకుంటూ.

ఆ రోజు నేను కూరలో ఆవ పెట్టలేదు. "అవున్నాయనా, కాస్త ఎక్కువైంది" అన్నాను.

అతనికి ఉన్న జబ్బల్లా ఒక్కటే, మొహమాటం. చాలు అనడం రాదు. జ్వరానికి విరుగుడని జగదాంబ వేపపువ్వు చారు పోస్తే బాగుందన్నాడు, దాంతో ప్రతి సోమవారం గ్లాసుతో పట్టించింది. ఒకసారి ఆవిడా సూర్యకాంతమ్మా రోజులు మార్చుకుని ఎవరికి వారు మర్చిపోయారు. ఇద్దరూ వండారు. ఇద్దరిళ్ళలోనూ భోంచేసి, మా అరుగు మీదికొచ్చి వెల్లకిలా పడుకున్నాడు.

"ఏఁవిట్రా, చెప్పలేకపోయేవా?" అంటే, "వాళ్ళు నొచ్చుకుంటారేమోనని, పిన్నిగారూ" అన్నాడు.

ఇలాంటివాణ్ణి ముద్దు చెయ్యక ఏం చేస్తాం? జాడీలు ఎప్పుడు ఖాళీ అయ్యాయో నేను గమనించనేలేదు. ఒక శుక్రవారం మజ్జిగన్నం దగ్గర అతనే అసలు మాట బయటపెట్టాడు. భార్య పేరు గౌరీశ్వరి. పాలకొండ దగ్గర పుట్టింట్లో ఉంది. మామగారు సోమయాజులుగారు ఖండితంగా చెప్పేశారట, ఆ మన్యం వదిలిపెట్టి వస్తేనే పిల్లని పంపుతానని. ఉద్యోగం వదిలేద్దామంటే ఇంటి దగ్గర తల్లీ, చదువుకునే తమ్ముళ్ళూ ఇతని మీదే ఆధారపడి ఉన్నారు.

"వదిలితే వాళ్ళు పస్తులు. వదలకపోతే ఆవిడ రాదు. నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు.

"ముందు ఆ అన్నం తిను" అన్నాను. తర్వాత, "మీ మావగార్ని ఓసారి రమ్మను. ఇక్కడ పులులు కావు, మనుషులే కాపరాలు చేస్తున్నారని కళ్ళారా చూసుకుంటారు" అన్నాను.

ఆయన శ్రావణమాసంలో వచ్చారు. కొండలు కనపడనంత వాన. దిగింది శుక్రవారం కాబట్టి సుందరరావు ఆయన్ని తిన్నగా మా ఇంటికే తీసుకొచ్చాడు. నేను పొద్దున్న మడి కట్టుకున్నదాన్ని, ఆయన వచ్చేసరికి పనసపొట్టు కూర, పప్పు, పులిహోర, పరమాన్నం అన్నీ సిద్ధం చేశాను. కాళ్ళకి నీళ్ళివ్వడానికి చెంబుతో అరుగు మీదికొచ్చాను.

"వీరు నీకు చుట్టాలా?" అని అల్లుణ్ణి అడిగారాయన.

"కాదండీ. ఇవాళ వీరి వారం" అన్నాడు ఈ మహానుభావుడు. చారు బాగుందనడానికి వచ్చిన అబద్ధం ఇక్కడ మాత్రం రాలేదు.

ఆయన చెంబు అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. "వారమా? నా అల్లుడు ఉద్యోగం చేస్తున్నాడని ఊరంతా చెప్పుకుంటున్నాను. ఇక్కడ వారాలు చేసుకుని పొట్ట పోసుకుంటున్నాడా? చాల్లెండి. నేను నీ గదిలో స్వయంపాకం చేసుకుంటాను. నువ్వు కూడా రా. రేపు బండికి ఇద్దరం వెళ్ళిపోదాం" అన్నారు.

పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర ఉడికిన మనిషిని. నాకు ఒళ్ళు మండిపోయింది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననూ తిననివ్వదని సామెత! వండిపెట్టడానికి పిల్లని పంపరు, మేం పెడితే పరువు పోయిందంటారు. ఇదెక్కడి న్యాయమండీ?" అన్నాను, వీధంతా వినపడేలాగ.

"కాంతం!" అని నన్ను అదిలించారు మావారు లోపల్నించి.

సుందరరావు మా ఇద్దరి మధ్యా వానలో తడుస్తూ నిలబడ్డాడు. చివరికి మామగారి వెనకాలే వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. నా నోరు పడిపోను, ఉన్న కాస్త ఆశా నేనే చెరిపేశానని ఏడుపొచ్చింది. వండినవన్నీ అలాగే ఉండిపోయాయి.

కాసేపటికి మా పనిమనిషి తవిటమ్మ పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఆ ముసలిబాబు తడికర్రల్తోటి పొయ్యెలిగిత్తన్నాడు, గదంతా పొగే. సిన్నబాబుకి వొణుకొచ్చీసినాది. మంచం కూడా ఊగిపోతంది. ఎల్లండమ్మా!"

నేను జ్వరానికి మింగే కొయినా బిళ్ళలూ గొంగళీ పట్టుకుని వెళ్ళేసరికి జగదాంబ అప్పుడే అక్కడుంది. రెండు బొంతలు అతని మీద వేసి, పైన చేతులతో అదిమిపట్టింది. సూర్యకాంతమ్మ మిరియాల కషాయం తెచ్చింది. ముందు కషాయమా, వేపపువ్వా అని అతని నెత్తి మీదే ఇద్దరూ దెబ్బలాడుకుంటున్నారు. సోమయాజులుగారు పొగకి ఎర్రబడ్డ కళ్ళతో, చేతిలో ఊదుగొట్టంతో ఓ మూల నిలబడిపోయారు. ఊదుగొట్టం ఎందుకు పట్టుకున్నారో ఆయనకే గుర్తులేదు.

"ఆ పొగ ఆపండి ముందు" అన్నాను. ఆపారు. బిళ్ళ మింగించాను. వణుకు తగ్గి, ఒళ్ళు కాలి, మధ్యాహ్నం తిరిగాక చెమటలు పట్టాయి. అప్పుడు గానీ ఎవరూ మంచం దగ్గర్నించి లేవలేదు.

సోమయాజులుగారు గడప మీద కూచున్నారు. నా మొహం చూడకుండానే అన్నారు: "అమ్మా, ఇతనికి మీరంతా ఒచ్చేరు, బాగానే ఉంది. రేపు నా కూతురికొస్తేనో? ఇతను క్యాంపు వెళ్తాడు. అది తలుపేసుకుని ఒక్కర్తీ ఇలా వొణుకుతూంటే... దానికి చీకటంటేనే భయం తల్లీ."

పొద్దున్న మాట్లాడిన మనిషేనా అనిపించింది. ఆయనది డాబు అనుకున్నాను, భయమని తెలుసుకోలేకపోయాను. నా కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

"అన్నయ్యగారూ, ఇవాళ ఎవరి వారం?" అన్నాను.

"మీదే అన్నాడు కదమ్మా."

"మరి వీళ్ళిద్దరూ ఎందుకొచ్చేరు? నేను కబురు పెట్టలేదు. ఒంట్లో బాగోకపోతే మా వీధిలో వారం లేదు, వర్జ్యం లేదు. మీ అమ్మాయికి జ్వరం రాదని చెప్పను. వస్తుంది. నాకూ ఒచ్చింది. ఒచ్చిన కొత్తలో మూసిన తలుపు వెనకాల నేనొక్కర్తినే వొణికేను. ఆ తర్వాత ఈ వీధిలో ఎవర్నీ ఒంటరిగా వొణకనివ్వలేదు. మీ పిల్లనీ వొణకనివ్వను."

ఆయన ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నారు. "పొగ" అన్నారు. సుందరరావుకి కన్నీళ్ళకి వంకలు చెప్పే ఆ బుద్ధి ఎక్కణ్ణించి వచ్చిందా అనుకునేదాన్ని, మామగారి దగ్గర్నించేనన్నమాట!

సాయంత్రం మళ్ళీ వేడిగా వండాను. మా ఇంట్లో మావారి పక్కన కూచుని భోంచేశారు. కూర మారు వడ్డిస్తూంటే, "మా అమ్మాయికి పనసపొట్టంటే ప్రాణం" అన్నారు. 

మాఘమాసంలో గౌరీశ్వరిని కాపరానికి పంపించారు. స్టేషనుకి వీధి వీధంతా వెళ్ళాం. పిల్ల రెండు చేతులూ ఊపుకుంటూ బండి దిగింది. నేను చూసిన మొదటి సంగతి అదే.

"జాడీలేవే అమ్మీ? మీ అమ్మ ఏఁవీ కట్టలేదా?"

"కట్టిందండీ. నాన్నగారు దింపించేసేరు. అక్కడ మనకి బోలెడు ఇళ్ళున్నాయి, ఎందుకూ బరువు అన్నారు."

అక్కడే, అంతమందిలో, దాన్ని దగ్గరికి తీసుకున్నాను.

సుందరరావుకి ఇల్లాలొచ్చింది కాబట్టి వారాలు ఆగిపోయాయి. ఆగిపోవాలి కూడా. మొదటి శుక్రవారం నేను అలవాటు కొద్దీ మూడు విస్తర్లు వేశాను. మావారు చూసి, ఏమీ అనకుండా ఒకటి తీసి పక్కన పెట్టారు. ఏమైనా అని ఉంటే బాగుండేది, దెబ్బలాడేదాన్ని. పిల్ల రావాలని నోరుచేసుకున్నదాన్ని నేనే. వచ్చాక మళ్ళీ ఆ పీట ఖాళీగా ఉంటే చూడలేకపోయినదాన్నీ నేనే. సంతోషంలోనూ ఇంత వెలితి ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

మళ్ళీ వానలొచ్చాయి. గౌరీశ్వరికి జ్వరం తగిలింది. ఆ రోజు సుందరరావు నిజంగానే క్యాంపులో ఉన్నాడు. దాని తల నా ఒళ్ళో పెట్టుకున్నాను, జగదాంబ కాళ్ళు అదిమిపట్టింది. వణుకులో "అమ్మా, అమ్మా" అంది. మా ఊరి మజ్జిగౌరమ్మకి మొక్కుకున్నాను, ఈ పిల్లని నిలబెట్టు తల్లీ అని. పథ్యం పెట్టే నాటికి దాని మొహం పసుపు ముద్దలా అయిపోయింది. లేచి తిరుగుతోంది గానీ మాట తగ్గింది. పుట్టింటికి పోతానంటుంది, తప్పదు అనుకున్నాను. 

ఒకరోజు పొద్దున్నే తనే మా ఇంటికొచ్చింది. వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, "అత్తయ్యగారూ, ఒక్కటి అడగాలి. కాదనకూడదు" అంది.

 చేతిలో పప్పు చేట కింద పెట్టేశాను. "చెప్పమ్మా" అన్నాను.

"కచేరీలోకి కొత్తాయన ఒచ్చేరుట. మా ఆయన చెప్పేరు. రెండు చేతుల్లోనూ జాడీలేట. అరుగు మీద ఒక్కరూ కూచుని వాన చూస్తున్నారుట, పాపం. మాక్కూడా ఒక వారం ఇవ్వరూ? శుక్రవారం ఇస్తే బాగుంటుంది, ఈయన క్యాంపులు లేకుండా ఇంట్లో ఉంటారు."

 తను నిలబడటమే కాదు, ఇంకొకరిని నిలబెట్టడానికి వచ్చింది పిల్ల! ఆ పాలిపోయిన మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది, పెట్టుకున్నాను కూడా. కానీ ఎంత ప్రేమైనా హద్దుండాలి కదా!

"శుక్రవారం నాది. అది ఎవరికీ ఇవ్వను. మంగళవారం పుచ్చుకో" అన్నాను.

నవ్వింది. మంగళవారమే అంది. మెట్లు దిగబోతూ మళ్ళీ ఆగింది. "పనసపొట్టు కూర వండనా అత్తయ్యగారూ? ఆవ ఎంత పెట్టను?"

"మొదటి రోజు పెట్టకు."

"అదేఁవిటండీ? ఆవ లేకుండా పనసపొట్టా?"

"పెట్టకపోయినా కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఆవ ఘాటంటాడు. నువ్వు అవునను" అన్నాను.