ఎర్రచుక్క గొట్టం

నేను ఒక ప్లాస్టిక్ గొట్టాన్ని. చిటికెనవేలంత ఉంటాను. వెయ్యిమంది తోబుట్టువులతో ఒకే అచ్చులో పుట్టి, అట్టపెట్టెలో విశాఖ తీరంలోని ఒక పరిశోధనశాలకు చేరాను. ఒక్కసారి వాడి పారేయమని పెట్టె మీదే రాసి ఉంది. మన ల్యాబుల్లో ఆ మాట ఎవరు వింటారు? కడుగుతారు, ఆరబెడతారు, మళ్ళీ వాడతారు.

నూకరత్నం నన్ను ఏరి, మూత మీద ఎర్ర గోళ్ళరంగుతో చుక్క పెట్టింది. వాళ్ళ జాలరి పల్లెలో పీహెచ్‌డీ దాకా వచ్చిన మొదటి పిల్ల. సముద్రపు నీటిలో వైరస్‌లు లెక్కపెట్టడం ఆమె పని. నీటిలో కలిపిన పచ్చరంగు వైరస్‌లకు అంటుకుంటుంది. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం ఆ నీటిని సన్నటి ధారగా లేజరు ముందు నుంచి పంపి, మెరిసిన ప్రతి రేణువునూ లెక్కపెడుతుంది. దుమ్మూ కాస్త మెరుస్తుంది కదా! అందుకని ముందు నాలో వైరస్ లేని శుద్ధద్రవం పోసి లెక్కిస్తారు. నాలో ఎంత తేలితే అంత, ఆ రోజు లెక్కలన్నిటిలోంచీ తీసేస్తారు. నన్ను బ్లాంకు అంటారు. ఏమీ లేకపోవడమే నా ఉద్యోగం. దానికే ఎంత మురిసిపోయానో!

ఆ ఏడు నూకరత్నం ఊరి దగ్గర రొయ్యపిల్లల హేచరీ ఒకటి సముద్రంలోకి మురుగు పైపు వేసింది. పీతలు చచ్చి గట్టుకు కొట్టుకొచ్చాయి. ఊరివాళ్ళు అర్జీ పెట్టారు. పైపు దగ్గర వైరస్‌లు దూరపు సముద్రంలో కంటే ఎక్కువ తేలితే హేచరీ మూయిస్తామన్నారు అధికారులు. లెక్క మా ల్యాబుకే వచ్చింది.

మొదటిరోజు దూరపు నీళ్ళు. నాలో దాదాపు ఏమీ తేలలేదు. రెండోరోజు పైపు దగ్గరి నీళ్ళు. నూకరత్నం వాటిని తేవడానికి ఫ్రీజరు గదికి వెళ్ళింది. ఆమె గైడు చక్రపాణిగారు వచ్చి, నా మూత తీసి, రెండు చుక్కలు సముద్రపు నీళ్ళు వేసి వెళ్ళిపోయారు. హేచరీ యజమాని కారు పొద్దున్నే ఆయనింటి ముందు ఆగిందని ల్యాబు ఊడ్చే మనిషి అంటుంటే విన్నాను. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను?

తెర మీద నా లెక్క చూసి నూకరత్నం తెల్లబోయింది.

“సార్, బ్లాంకులో ఏదో కలిసింది. మళ్ళీ పెడతాను.”

“మళ్ళీ ఎందుకమ్మా? యంత్రం చెప్పిందే లెక్క, తీసెయ్. ఈ వారమే కదా నీ థీసిస్ పంపాలి, నా సంతకం వద్దా?” అన్నారాయన ఎంతో ప్రేమగా.

ఆమె నన్ను వెలుతురుకు ఎత్తి చూసింది. అర్థమైంది ఆమెకు. అయినా పైపు నీళ్ళ లెక్కలోంచి నా లెక్క తీసేసింది. పైపు దగ్గరి నీళ్ళూ దూరపు నీళ్ళూ ఒకటేనని తేలింది. కింద సంతకం పెట్టింది. ఆ పిల్ల అయిదేళ్ళ కష్టం నాకు తెలుసు. అయినా ఆమె మీద నాకు కోపమే.

వారం తర్వాత ఆమె తల్లి పోలమ్మ ఫోను చేసింది. నూకరత్నం నన్ను కడుగుతూ స్పీకరు పెట్టింది.

“రిపోర్టొచ్చిందంట గదమ్మా! నీళ్ళు మంచివేనంట. కొందరు నమ్మనేదు. నా కూతురే నెక్కెట్టింది, అది అబద్దం సెప్పదని అందరి నోళ్ళూ మూయించీసినాను. పీతలేటో ఇంకా సచ్చిపోతన్నాయి. మన కరమ.”

నూకరత్నం “ఊఁ” అంది.

రోజూ నన్ను మూడుసార్లు కడుగుతుంది. ఆ రోజు కడుగుతూనే ఉంది. చివరికి ఎర్రచుక్కను గోటితో గీకేసి, నన్ను ల్యాబు చెత్త వేసే పసుపు సంచిలో పడేసింది.

రేపు కాల్చేస్తారట. ఇంత శుభ్రంగా నేనెప్పుడూ లేను.